మెడ వరకు చాలంది అక్క

మా వీధిలో నన్ను మిరపకాయ అంటారు. నా ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. పక్కన తాళంచెవులు చేసే ముసలాయన ఒకసారి నోరు జారి అనేశాడు. ఆ రోజంతా పాపం తలుపు ఓరగా వేసుకుని పని చేసుకున్నాడు. ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే షాపు నాది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, తన ఇష్టమొచ్చినప్పుడు వేడినీళ్లు ఇచ్చే ఒక కుళాయి. ఇరవై రెండేళ్లుగా అందులోనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు చెప్పేది మా అక్క సంగతి. అక్క పోయి ఏడు నెలలైంది. ఆమె పోయిన తీరు గురించి మా వాళ్లు రకరకాలుగా చెప్పుకుంటారు. కర్మ అంటారు, రాత అంటారు. రాతా లేదు, గీతా లేదు. జరిగిందేమిటో నాకు తెలుసు, అందులో నా వంతు ఎంతో కూడా తెలుసు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. కళ్లద్దాల షాపులో వెనక గదిలో పని. డాక్టరు రాసిచ్చిన అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా చక్రం మీద అరగదీయడం. చక్రం మీద నీళ్లు సన్నగా పడుతుంటాయి. మనిషి మెడ వంచి, ముక్కు అద్దానికి ఆనించినంత దగ్గరగా కూర్చోవాలి. రోజుకు ఎనిమిది గంటలు అలా కూర్చునేది అక్క. నెత్తిన ఆ కొప్పు ఒకటి.

అక్క జుట్టు మోకాళ్లు దాటేది. పెద్దజడ అంటే ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరైనా ఇల్లు చూపించేవారు. విప్పితే రెండు చేతుల్లో పట్టేది కాదు. తల అంటుకుంటే ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆరబెట్టుకోవడమే. వానాకాలంలో రెండో రోజుకీ లోపల తడి ఉండేది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అన్నారు పెద్దలు. ఆ మాట అన్న పెద్దమనిషికి కొప్పు ఉండి ఉండదు. ఉంటే మెడనొప్పి గురించి కూడా ఒక సామెత చెప్పేవాడు.

మా బావ చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే వినేవాళ్లు తప్పంతా తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటారు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. ఇంటింటికీ తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నా, ఆదివారం మాత్రం దువ్వెన పట్టుకుని అక్క వెనక కూర్చునేవాడు. చివర్ల నుంచి మొదలుపెట్టి చిక్కు తీసేవాడు, ఒక్క వెంట్రుక తెగకుండా. ఫొటో తీయిస్తే అక్కను కాస్త పక్కకు తిరిగి నిలబడమనేవాడు, జడ పడాలని. అక్క మొహం సగమే పడేది. మా ఇంట్లో అక్క మొహం నిండుగా ఉన్న ఫొటో ఒక్కటి లేదంటే ఎవరూ నమ్మరు.

నా షాపుకు వచ్చే ఆడవాళ్లలో పద్ధెనిమిదేళ్ల పిల్లలు ఉంటారు. ఫోనులో బొమ్మ చూపించి ఇలా కావాలంటారు, కూర్చుంటారు, లేచి పోతారు. డెబ్బై దాటిన వాళ్లుంటారు. చేతులు పైకి లేవడం లేదు తల్లీ, తీసెయ్ అంటారు. వాళ్లనీ ఎవరూ ఏమీ అనరు. నలభై అయిదు నుంచి యాభై అయిదు మధ్య వాళ్లు ఉన్నారే, వాళ్లతోనే తల ప్రాణం తోకకొస్తుంది. గుమ్మం దాకా వచ్చి నిలబడతారు. అద్దంలో జడ ముందుకు వేసుకుని, వెనక్కి వేసుకుని చూసుకుంటారు. కత్తిరిస్తే బాగుంటుందా అని నన్ను అడుగుతారు. వయసుకు తగ్గట్టు ఉంటుందా అంటారు. వయసు దాచుకోవడానికి చేయించుకున్నాను అనుకుంటారేమో అంటారు. చివరికి రెండు వేళ్లు చివర్లు తీయించుకుని, అదే గొప్ప సాహసంలా వెళ్లిపోతారు. నెత్తి మీద ఉన్న జుట్టు మీద అందరికీ హక్కుంది, నెత్తి ఉన్న మనిషికి తప్ప.

నాకు పని నేర్పిన పెద్దావిడ ఒక పద్ధతి పెట్టింది. పొడుగు జడ తీయించుకుంటానని నడివయసు మనిషి వస్తే మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతవరకు? నిజంగానా? ఇంట్లో అడిగారా? ఈ మూడో ప్రశ్న ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు ఎవరో మొగుడు ఆవిడ షాపుకు వచ్చి, నేల మీద ఊడ్చిన జుట్టంతా దోసిళ్లతో ఎత్తి బల్ల మీద పోసి, మళ్లీ అతికించు అని కూర్చున్నాడట. మూడు గంటలు కదల్లేదట. అప్పటి నుంచి ఆవిడ ఆ ప్రశ్న మానలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న మేమెవరమూ మానలేదు. పళ్లు తోముకున్నంత అలవాటు మాకది.

అక్కకు నలభై ఆరో ఏడు నడుస్తుండగా, ఒకరోజు మధ్యాహ్నం భోజనం టైములో నా షాపుకు వచ్చింది. అప్పుడెవరూ లేరు. వచ్చి నేరుగా కుర్చీలో కూర్చుంది. కొప్పు విప్పి వెనక్కి వదిలింది. జడ కుర్చీ దిగి నేలకు తాకింది.

"మెడ వరకు చాలు," అంది.

మెడ పట్టేస్తోందట, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందట. కొప్పు కింద, పిన్నులు గుచ్చే చోట, మంట పుడుతోందట. ఇన్నాళ్లూ మోశాను, ఇక నావల్ల కాదు అంది. ఆ మాట అనడానికి అక్క ఎన్నాళ్లు ఆలోచించి ఉంటుందో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఏదీ ఒక్కసారిగా అడిగే మనిషి కాదు.

నేను దువ్వెన చేతిలోకి తీసుకున్నాను. నిజంగానా అన్నాను. నిజమే అంది. నోరు దానంతటదే తర్వాతి మాట అనేసింది.

"బావని అడిగావా?"

అద్దంలో అక్క నా కళ్లలోకి చూసింది. నువ్వు కూడానా అంది. అందరినీ అడుగుతానే, నీకొక రూలూ వాళ్లకొక రూలూ ఏమిటి అన్నాను. పైగా నవ్వాను. అక్క తనే కొప్పు చుట్టుకుని, పిన్నులు పెట్టుకుని, సరే అడిగి వస్తా అని లేచింది. షాపుకు ఆలస్యమవుతోందని గబగబా వెళ్లిపోయింది.

అడిగింది. బావ వద్దనలేదు, అరవలేదు. మాట్లాడటం మానేశాడు. నాలుగు రోజులు ఇంట్లో పళ్లెం పెడితే తిని లేచేవాడు, అంతే. అయిదో రోజు, నీ పక్కన నడుస్తుంటే నలుగురూ చూసేది ఆ జడనే, నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే, నీ ఇష్టం మరి అన్నాడట. నీ ఇష్టం అంటే ఏమిటో పెళ్లయిన ప్రతి ఆడదానికీ తెలుసు. అక్క ఆ మాట ఇక ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. ఏం చేశాను? తాళంచెవుల ముసలాయన ముందు బావను అరగంట తిట్టాను. ఆయన తల ఊపాడు. బావ ఇల్లు నా షాపుకు రెండు వీధుల అవతల. నడిచివెళ్లి ఆయన మొహాన ఒక్క మాట అని రావచ్చు, వెళ్లలేదు. వాళ్ల సంసారం, మనకెందుకు అనుకున్నాను. మంట అన్నందుకు ఇనప పిన్నులు మార్చి, కొనలు గుండ్రంగా ఉన్నవి ఒక పెట్టె తీసుకెళ్లి ఇచ్చాను. అదేదో కొండంత సాయం చేసినట్టు ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. అక్క కూతురు చిట్టికి పందొమ్మిది నిండాయి. అది ఒకరోజు వచ్చి మగపిల్లాడిలా కత్తిరించమంది, కత్తిరించాను. దాన్ని మూడో ప్రశ్న అడగలేదు. ఆ వయసు వాళ్లను అడగం కదా. ఇంటికి వెళ్తే బావ అటూ ఇటూ తిప్పి చూసి, నీ మొహానికి నప్పింది తల్లీ అని మెచ్చుకున్నాడట. వంటింట్లో ఉన్న అక్క ఆ మాట వింది.

మర్నాడు పొద్దున్నే, నేను షట్టరు ఎత్తే సరికి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చుంది. ఈసారి నన్నేమీ అడక్కు అంది. నేను అడగలేదు. జడ పైన ఒక దారం, కింద ఒక దారం గట్టిగా కట్టాను. పొడుగు జుట్టు తీసేటప్పుడు చెదరకుండా అలాగే కడతాం. కత్తెరకు ఆ జడ ఒక్క కోతలో తెగలేదు. కొరికి కొరికి తెంపాల్సి వచ్చింది. ఊడి నా చేతిలోకి వచ్చాక అక్క తల గబుక్కున ముందుకు వాలింది, ఇన్నాళ్లూ వెనక్కి లాగుతున్న బరువు పోయి. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత సమంగా చేద్దామని నడినెత్తి దగ్గర పాయ తీశాను. అక్కడ, ఎప్పుడూ కొప్పు ఉండే చోట, నల్లటి మచ్చ. బొటనవేలి గోరంత ఉంది. అంచులు వంకరగా ఉన్నాయి. ఒక పక్క ఉబ్బి, మీద ఎండిన నెత్తురు. ఇన్నేళ్లుగా తలలు చూస్తున్నదాన్ని, పుట్టుమచ్చ ఏదో కానిదేదో నాకు తెలుసు.

ఇది ఎప్పటి నుంచి అని అడిగాను. పిన్నులు గుచ్చుకున్న పుండే, నీకు అప్పుడే చెప్పానుగా, మంట పుడుతోందని అంది అక్క. ఎంత మామూలుగా అందో. చివర్లు కత్తిరించడానికి మూడు నెలలకోసారి నా దగ్గరికే వచ్చేది. ఎప్పుడూ కింద నాలుగు వేళ్లు కత్తిరించి పంపేదాన్ని. పైన నెత్తి మీద పాయ తీసి చూడాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. బావ కూడా చూశాడట. పుట్టుమచ్చ అనుకున్నాడట.

ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చి అక్కను చూసి, జడ ఎక్కడ అని అడిగాడు. మర్నాడు నా షాపుకు వచ్చి తీసుకెళ్లాడు. దిండు గలీబులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు. మచ్చ సంగతి చెబితే మొహం పాలిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే.

చర్మం కాన్సరు. డాక్టరు చిన్న వయసు వాడు. అప్పటికే మెడలో గడ్డలు తగులుతున్నాయన్నాడు. కాగితం మీద రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, రెండేళ్ల కింద చూసి ఉంటే చిన్న కోతతో పోయేదండీ అన్నాడు. ఆయనకేం తెలుసు. ఆ మాట ఆ గదిలో ఎవరికి తగిలిందో ఆయన చూడలేదు.

జుట్టు తీసిన పన్నెండో రోజుకే ఆపరేషను పెట్టారు. మధ్యలో ఆ పదకొండు రోజులూ అక్క రోజూ నాకు ఫోను చేసింది. జబ్బు గురించి కాదు. ఇవాళ వెల్లకిలా పడుకున్నానే అనేది. తల అంటుకుని, తుడుచుకుని, పావుగంటలో పనిలోకి వెళ్లిపోయాను అనేది. మెడ వెనక గాలి తగిలితే చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుందట, బస్సులో నవ్వొచ్చి చీరకొంగు అడ్డం పెట్టుకుందట. కళ్లద్దాల షాపు ఓనరు ఎవరో కొత్త మనిషి అనుకుని ఏం కావాలండీ అని అడిగాడట. తన మొహం తనే ఇంత నిండుగా ఎప్పుడూ చూసుకోలేదంది. నాకు ఏడుపొచ్చేది. మింగేసి, నీ మొహం అంత గొప్పదేం కాదులే అనేదాన్ని. అక్క కోరుకున్న పొడవు జుట్టుతో బతికింది ఆ పదకొండు రోజులే. పన్నెండో రోజు పొద్దున ఆసుపత్రిలో మొత్తం గీసేశారు.

తర్వాతి పది నెలలు వివరంగా చెప్పను. కోత, కుట్లు, మళ్లీ కోత. తలకు కిరణాల వైద్యం. మధ్యలో ఒకసారి జబ్బు ఇక పోయినట్టే అన్నారు డాక్టర్లు, నమ్మాం. మూడు నెలల తర్వాత ఊపిరితిత్తుల్లో ఉందన్నారు. బావ ఉద్యోగానికి సెలవు పెట్టి మంచం పక్కనే ఉన్నాడు. అన్నం తినిపించాడు, వాంతులు ఎత్తాడు. ఆ మనిషి చేసిన సేవ మా ఇంట్లో ఆడవాళ్లు కూడా చేయలేరు. అందుకే ఆయన మీద కోపం కూడా సరిగ్గా రాలేదు నాకు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆ మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు నేను నోరు మూసుకుని కత్తిరించి ఉంటే ఇది జరిగేది కాదు కదా అక్కా అన్నాను. అయ్యో అలా అనుకోకే అంటుందని ఆశ. పచ్చి ఆశ.

అక్క నా వైపు తిరిగింది. "అవును, కత్తిరించి ఉంటే బాగుండేది," అంది. "నేనూ అడగడానికి పోకుండా ఉండాల్సింది."

అంతే అంది. కోపంగా కాదు, అద్దం కొలత చెప్పినట్టు చెప్పింది. నేను బయటికి వెళ్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పట్టుకుంటాం.

చివరి నెలలో జుట్టు మళ్లీ మొలిచింది. రెండు వేళ్ల ఎత్తు, తెల్లగా, మెత్తగా. కుట్ల గీత మీద మాత్రం మొలవలేదు. బావ మందులకు వెళ్లిన ఒక మధ్యాహ్నం అక్క నన్ను దగ్గరికి రమ్మంది. గొంతు అప్పటికే బాగా తగ్గిపోయింది.

"మీ బావ ఆ జడని బీరువాలో దాచాడు," అంది. "నేను పోయాక అది తెచ్చి నా తలకి పెట్టమంటాడు. నువ్వు పెట్టనివ్వకు. నన్ను ఇలాగే పంపించు."

నేను ఎంత ధైర్యంగా మాటిచ్చానో. నీకెందుకు, నేనుండగా ఎవరొచ్చి పెడతారో చూస్తా అన్నాను. నీ తల మీద చెయ్యి వెయ్యాలంటే నన్ను దాటాలి అన్నాను. అక్క నవ్వింది. నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత తెల్లవారుతూ పోయింది. పదింటికల్లా ఇంటికి తెచ్చారు, ముందు గదిలో పడుకోబెట్టారు. జనం వచ్చేలోగా మొహం తుడిచి తల దువ్వమని నాకే చెప్పారు. తలుపు దగ్గరగా వేసుకుని మొహం తుడిచాను. దువ్వడానికి ఏముంది, చేత్తో సవరించాను. చిట్టి ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టడానికి అక్కడే ఆగిపోయింది.

బావ లోపలికి వచ్చాడు. చేతిలో దిండు గలీబు. నూనె రాసి ఉంచాడేమో, వాసన ముందే వచ్చింది. నా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. అరవై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి, భుజాలు ఊగిపోయేలా ఏడుస్తున్నాడు.

"ఒక్కసారి పెట్టమ్మా," అన్నాడు. "ఇలా చూస్తుంటే మా ఆవిడలా లేదు. ఎవరినో పంపిస్తున్నట్టుంది."

వద్దంది బావా, అక్క వద్దంది. ఈ నాలుగు మాటలే నేను అనాల్సింది. నోట్లోనే ఉన్నాయి. బస్సు కండక్టర్లతో, కార్పొరేషను వాళ్లతో, ఇంటి ఓనరుతో చెడామడా పోట్లాడే నోరు ఇది. మొరిగే కుక్క కరవదంటారు, నాకు సరిగ్గా అతికిన సామెత. ఏడుస్తున్న ఆ మనిషి మొహం చూస్తూ కాదనలేకపోయాను. చెయ్యి చాపి గలీబు తీసుకున్నాను.

రెండు వేళ్ల జుట్టుకు పిన్ను నిలవదు. వల టోపీ ఒకటి తెచ్చి, చెవుల వెనక్కి లాగి, జడను దానికి సూదితో కుట్టాను. అతుకు కనబడకుండా జడ మొదట్లో పాయలు విప్పి నుదుటి దాకా దువ్వి కప్పాను. కుట్ల గీత కప్పాను. జడను భుజం మీదుగా తెచ్చి గుండెల మీద నుంచి మోకాళ్ల దాకా పరిచాను. పావుగంట పట్టింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఇరవై రెండేళ్లలో అంత శుభ్రంగా ఏ అతుకూ వేయలేదు నేను. బావ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

జనం వచ్చారు. ఇంత జబ్బు చేసినా ఆ జుట్టు చూడండి, అలాగే ఉంది అన్నారు. పెద్దజడ పెద్దజడలాగే వెళ్లిపోతోంది, అదృష్టవంతురాలు అన్నారు. ఒకావిడ నా భుజం తట్టి, చెల్లెలంటే నువ్వమ్మా, ఎంత బాగా తయారుచేశావు అంది. నేను తల ఊపాను.

చిట్టి వచ్చేసరికి గది నిండిపోయి ఉంది. జనాన్ని తోసుకుంటూ వచ్చి తల దగ్గర ఆగిపోయింది. చూసింది. వంగి, జడ అతికిన చోట వేలితో తడిమింది. తలెత్తి గదంతా చూసి, గోడ పక్కన ఉన్న నన్ను కనిపెట్టింది. నేను చూపు దించుకున్నాను. ఏదో అనబోయింది, ఈలోగా బండి వచ్చిందన్నారు, నలుగురు మగవాళ్లు ముందుకు వచ్చారు.

అయిదు రోజుల తర్వాత షాపుకు వచ్చింది. కుర్చీలో ఒకావిడ తల తుడుచుకుంటూ ఉంది. చిట్టి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అమ్మ నీకు చెప్పింది కదా పిన్నీ, జడ పెట్టనివ్వద్దని?"

చెప్పింది అన్నాను. ఇంకేదో చెప్పబోయాను. బావ ఏడ్చాడని, నేను ఎంత ప్రయత్నించినా అని. ప్రయత్నించలేదని గుర్తొచ్చి ఆగిపోయాను.

"ఆ మాట నాకు అప్పజెప్పమని నేను అడిగాను," అంది చిట్టి. "నువ్వు చిన్నపిల్లవి, మీ నాన్న ఏడిస్తే కరిగిపోతావు, పిన్నయితే నాకు భయం లేదు అంది అమ్మ. నేను పెట్టనిచ్చేదాన్ని కాదు పిన్నీ. నాన్న ఎంత ఏడ్చినా పెట్టనిచ్చేదాన్ని కాదు."

గొంతు పెంచలేదు. కుర్చీలో ఉన్నావిడకు కూడా సరిగ్గా వినపడి ఉండదు. చెప్పాల్సింది చెప్పేసి, మెట్టు దిగి బస్టాపు వైపు నడిచింది. నేను దువ్వెన పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత అది నా షాపుకు రాలేదు.